వీరరాఘవయ్య గారి చెవికి నచ్చిన బండి

వీరరాఘవయ్య గారు లోకాన్ని చెవులతో చూస్తారు. కళ్ళున్నాయి, కళ్ళజోడూ ఉంది. కానీ ముఖ్యమైన విషయం ఏది ఎదురైనా ఆయన ముందుగా చేసే పని ఆ కళ్ళు రెండూ మూసుకోవడం. పెళ్ళిచూపుల్లో కూడా కళ్ళు మూసుకునే కూర్చున్నారనీ, కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు నచ్చి సరే అన్నారనీ భార్య లీలాకుమారి ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

ఆయన సినిమాల్లో చప్పుళ్ళ మనిషి. మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమతో పాటు మూటాముల్లె సర్దుకుని ఫిల్మ్‌నగర్ చేరారు. హీరో గుర్రమెక్కితే ఆ డెక్కల చప్పుడు ఈయన చేతిలోని కొబ్బరి చిప్పలది. కారు కీచుమంటూ మలుపు తిరిగితే అది ఈయన గచ్చు మీద రుద్దిన వేణ్ణీళ్ళ రబ్బరు సంచీది. విలన్ ఎముకలు విరిగాయంటే లీలాకుమారి సాంబారుకి తెచ్చుకున్న ములక్కాడలు విరిగినట్టే లెక్క. ఇంత చేసినా తెర మీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. యూనిట్‌కి భోజనాలు పంపిన మెస్సు పేరు పడింది. హీరో గారి కుక్క పేరు పడింది, అదీ పెద్దక్షరాల్లో. చేసిన పనికి పేరు ఇవ్వకపోవడాన్ని అన్యాయమనే అంటారు, దానికి మర్యాదైన మాట వెతకక్కర్లేదు. ఆయన మాత్రం, "పేర్లు కళ్ళవాళ్ళకి. మనది చెవుల పని" అని ఊరుకునేవారు.

ఇంట్లో మాత్రం ఊరుకునేవారు కాదు. కుక్కర్ కూత వేస్తే, "మొదటిది బాగుంది, రెండోది ఓవరాక్షన్" అని హాల్లోంచి అరిచేవారు. డాక్టరు ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే, "ఒక్క నిమిషం, ఇలా ఇవ్వండి, మీకు తెలీదు" అని లాక్కుని తన గుండె తనే విని, "రీటేక్ అక్కర్లేదు" అని తిరిగిచ్చేశారు.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో పెద్ద బండి కొనాలన్న ఆలోచన పుట్టింది. హైటెక్ సిటీలో రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలమది. కొడుకు క్రాంతికుమార్‌కి అక్కడే ఉద్యోగం. జీతం పెరిగింది, ఇంట్లో మనుషులూ పెరిగారు. అతనిదీ, తమ్ముడిదీ రెండు కుటుంబాలూ ఒకే చిన్న కారులో గుడికి బయల్దేరితే, దిగాక ఎవరి కాలు ఎవరిదో వెతుక్కోవాల్సి వచ్చేది. అందరూ పట్టే పెద్ద బండి ఒకటి నచ్చింది. చిక్కల్లా అది డీజిలు, పెట్రోలు అని రెండు రకాల ఇంజన్లతో దొరకడమే.

క్రాంతికుమార్ ఇంజనీరు కనుక తన మనసులోని మాటని ఎక్సెల్ షీటులో పెట్టాడు. "డీజిలే నాన్నా. కొనేటప్పుడు ఎక్కువైనా మైలేజీలో తిరిగొస్తుంది. ఇంతమందిమి ఎక్కితే శ్రీశైలం ఘాట్‌లో లాగాలా వద్దా?"

"ఆ దడదడకి నా నడుం విరుగుతుంది" అంది కోడలు హిమజ. "పెట్రోలు మెత్తగా ఉంటుంది. సర్వీసు గొడవ కూడా తక్కువ."

"మెత్తగానే తాగుతుంది కూడా. బంకు కనిపిస్తే చాలు, కొత్తల్లుడిలా కదలదు" అన్నాడు క్రాంతికుమార్.

రెండో అంతస్తులో ఉండే నిర్మాత బసవపున్నయ్య గారు పిలవకుండానే వచ్చి తీర్పు చెప్పారు. "డీజిలంటే డీజిలేనండీ! స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా తెలియాలి ఎవరొస్తున్నారో." ఆయన సినిమాలు ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో ఎవరికీ తెలియడం లేదు. ఆ లోటు బండితో తీర్చుకుంటున్నారు పాపం.

చివరికి అందరూ వీరరాఘవయ్య గారి వైపు తిరిగారు. ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నారు. "బండి తెప్పించండి. విని చెప్తాను."

ఆదివారం షోరూం కుర్రాడు నర్సింహ టై కట్టుకుని డీజిల్ బండి తెచ్చాడు. వీరరాఘవయ్య గారు ఎక్కలేదు. సెల్లార్‌లో తమ స్థలంలో రివర్సులో పెట్టించారు. ఆ అపార్ట్‌మెంట్‌లో అన్ని బండ్లూ అలాగే ఉంటాయి. బండి మొహం తూర్పు చూడాలని ఎవరో వాస్తు సిద్ధాంతి చెప్పి వెళ్ళాడు, ఆనాటి నుంచి ఒక్క బండి కూడా తల తిప్పలేదు. పడమటి గోడకి ఆనుకుని వాచ్‌మన్ బాలనర్సయ్య గది ఉంది. వీరరాఘవయ్య గారు తిన్నగా ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"సార్, ఇంజన్ గీడుంది" అన్నాడు నర్సింహ కంగారుగా.

"తెలుసు బాబూ. నువ్వు స్టార్ట్ చెయ్యి" అని లోపల్నుంచి జవాబు.

"గాడికెళ్ళి ఏం వింటడు సార్?" అని నర్సింహ క్రాంతికుమార్ చెవిలో అడిగాడు.

"అక్కడ సౌండ్ బాగా కుదురుతుందేమో" అన్నాడు క్రాంతికుమార్ సిగ్గుపడుతూ.

కాసేపటికి పెద్దాయన దగ్గుతూ బయటికొచ్చి, "ఇది విలన్ పక్కనుండే వాడి గొంతు. వద్దు" అన్నారు. మరుసటి ఆదివారం ఇంకో షోరూం డీజిల్ బండికి, "జలుబు చేసిన గుర్రం. వద్దు" అన్నారు. ఆ రెండు ఆదివారాలూ వాచ్‌మన్ కూతురు, చంటిపిల్ల చిన్ని, పైన లీలాకుమారి ఒళ్ళో ఆడుకుంటూ కనిపించింది. అదెందుకని ఎక్సెల్ షీటు అడగలేదు కనుక క్రాంతికుమార్ కూడా అడగలేదు.

మూడో ఆదివారం నర్సింహే పెట్రోలు బండి తెచ్చాడు. పెద్దాయన మళ్ళీ గదిలో దూరారు. క్రాంతికుమార్‌కి ఓపిక పోయింది. "ఈ వినికిడేంటో ఇవాళ తేల్చేస్తా" అని తలుపు తోశాడు.

వీరరాఘవయ్య గారు గచ్చు మీద బొంతలో పడుకుని ఉన్నారు. కాళ్ళు పట్టక ముడుచుకున్నారు. తల పక్కనే గోడలో గాలాడే జాలీ. జాలీ అవతల, జానెడు దూరంలో, బండి పొగగొట్టం.

"నాన్నా! ఏంటిది?"

గుమ్మంలో నిలబడ్డ భూలక్ష్మి, బాలనర్సయ్య భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గా బొంత మా పొల్ల చిన్ని పండుకునే జాగ సారూ. రోజు పొద్దుగాల దగ్గి దగ్గి సోలిపోతుంటే ఎర్రగడ్డ ఛాతి దవఖానకు తీస్కపోయినం. పొగ తగలనియ్యొద్దన్నరు. పెద్దయ్య పైనుంచే దగ్గు ఇని దిగొచ్చిండు. బండి స్టార్టయితే పొల్లని మీ అమ్మగారికాడికి పంపి, ఆయనే గీడ పండుకుంటుండు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె ఏమంటరు సారూ? రూం ఖాళీ చెయ్యమంటరు. కొలువు వోతది" అన్నాడు వెనక నుంచి బాలనర్సయ్య.

"వింటే అర్థమవుతుంది, రా" అని వీరరాఘవయ్య గారు కొంచెం జరిగి బొంతలో చోటిచ్చారు.

క్రాంతికుమార్ పడుకున్నాడు. నర్సింహ బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాడు. పొగ కళ్ళకి పెద్దగా కనబడలేదు కానీ గొంతులోకి తిన్నగా వచ్చింది. అతనికి తన పొద్దుటి అలవాటు గుర్తొచ్చింది. హిమజ ఐడీ కార్డు వెతుక్కుంటూ ఉంటే, కారు చల్లబడాలని ఏసీ వేసి, ఇంజన్ నడుపుతూ తను ఇక్కడే ఎదురుచూస్తాడు. పాటలు వింటూ. దగ్గుతూ లేచి కూర్చున్నాడు.

"పెట్రోలుకి కూడా...?"

"తక్కువ. లేదని కాదు. ఏ ఇంజనైనా చంటిపిల్ల మొహం మీద వదిలితే ఒకటేరా. పెట్రోలు కొను, తల గోడవైపు పెట్టు."

"అమ్మ ఒప్పుకోవద్దూ? వాస్తు!"

పైకెళ్ళి అడిగితే లీలాకుమారి ఒళ్ళోని చిన్ని చేత చప్పట్లు కొట్టిస్తూ, "ఆ సిద్ధాంతి ఆ కింది గదిలో ఒక్క పూట పడుకున్నాడా? తిప్పండి" అంది.

ఒక బండి తిరిగింది. మిగతావి? అసోసియేషన్ మీటింగులో క్రాంతికుమార్ లేచి పొగ గురించి లెక్కలతో సహా వివరించాడు. అందరూ శ్రద్ధగా విన్నారు, వాచ్‌మన్‌ని మార్చేస్తే పోతుందన్నారు. బాలనర్సయ్య మొహం చూసి వీరరాఘవయ్య గారు కళ్ళు మూసుకున్నారు. ఆలోచన వచ్చిందన్నమాట.

మర్నాడు ఆయన బసవపున్నయ్య గారిని మెట్ల దగ్గర ఆపారు. "సినిమా రిలీజు కదండీ? ఒకసారి బండి మొహం పడమరకి తిప్పి చూడండి. మంచి జరుగుతుంది."

నిర్మాత ఎందుకని అడగలేదు. ఫిల్మ్‌నగర్‌లో మూడు ఫ్లాపులు తిన్న మనిషి ఎందుకని అడగడు. ఆ సాయంత్రమే తిప్పేశారు. సినిమా పెద్ద హిట్టేమీ కాలేదు, కానీ పోలేదు. ఆయన లెక్కలో అది పండగే. స్వీట్లు పంచుతూ కారణం కూడా పంచారు. వారం తిరక్కుండా సెల్లార్‌లోని బండ్లన్నీ పడమటి గోడకి మొహాలు పెట్టుకుని నిలబడ్డాయి.

"అబద్ధమాడారా నాన్నా?" అన్నాడు క్రాంతికుమార్.

"మంచి జరుగుతుందన్నాను. జరిగింది. ఎవరికని వాళ్ళు అడగలేదు."

బసవపున్నయ్య గారు కృతజ్ఞతగా తర్వాతి సినిమా టైటిల్స్‌లో వీరరాఘవయ్య గారి పేరు వేయించారు. ఇంటిల్లిపాదీ కొత్త బండెక్కి ఆ సినిమాకి వెళ్ళారు. బాలనర్సయ్య, భూలక్ష్మి, చిన్ని కూడా ఇరుక్కున్నారు. "నాన్నా, మీ పేరు!" అని క్రాంతికుమార్ అరిచేసరికి పెద్దాయన అలవాటుగా కళ్ళు మూసుకుని వింటున్నారు. తెరిచేలోగా పేరు వెళ్ళిపోయింది. "ఉష్... ఆ తలుపు చప్పుడు నాది కాదు, ఎవడో మార్చాడు" అన్నారు కోపంగా. పక్కన చిన్ని నిద్రపోతోంది. ఊపిరి సాఫీగా వస్తోందని కాసేపు అటు చెవి పెట్టి విని, శాంతించారు.

మీరు డీజిలే కొంటారో పెట్రోలే కొంటారో మీ ఇష్టం, మీ మైలేజీ మీది. కానీ రేపు పొద్దున్న తాళంచెవి తిప్పబోయే ముందు ఒక్కసారి కిందికి దిగి, వెనక్కి వెళ్ళి, మీ బండి పొగగొట్టం ఎవరి కిటికీలోకి చూస్తోందో చూడండి. చూసి, బండి తిప్పండి. పక్కింటివాళ్ళు ఎందుకని అడిగితే మంచి జరుగుతుందని చెప్పండి.