పెద్దమ్మ చూడని గండి

పెద్దమ్మ పోయింది. గురువారం పొద్దున్న మందుల షాపు కిటికీ దగ్గర నిలబడి ఎవరిదో బీపీ చీటీ చదువుతుంటే ఫోను మోగింది. బా టౌను నుంచి పెద్దమ్మ పక్కింటావిడ. "బేటీ, తుమార్ మౌసీ ఖతం హోయ్ గయిస్" అంది, మన ఫిజీ హిందీలో. నిద్రలోనే పోయిందట. సరే అన్నాను. ఫోను పెట్టేసి ఆ చీటీకి మందులిచ్చి, అన్నం తిన్నాకే వేసుకోండి అని కూడా చెప్పాను. ఇంకో ఇద్దరిని పంపేశాక గానీ కూర్చోలేదు. ఇదేం మనసో నాకే తెలీదు. ఆ రోజూ ఏడుపు రాలేదు, దహనం నాడూ రాలేదు. చుట్టాలు నా మొహంలోకి చూసి, పాపం బిగబట్టుకుంది అనుకున్నారు. బిగబట్టుకోవడానికి లోపల ఏమన్నా ఉంటేగా!

ఆవిడ మా అమ్మకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. బా హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు భూగోళం చెప్పింది. ఆదివారాలు సంఘం హాల్లో మన పిల్లలకి తెలుగు చెప్పేది. నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆవిడ పెట్టిన భిక్షే. ఇంట్లో నాది హిందీ, పనిలో ఇంగ్లీషు. తప్పులుంటే మన్నించండి. ఆవిడైతే పెన్సిలు పెట్టి దిద్దేది, ఎర్ర సిరా ముట్టుకునేది కాదు. "ఎరుపు చూస్తే పిల్లలు తప్పుని చూడరే, నన్ను చూసి బెదురుతారు" అనేది.

ఫిజీకి స్వాతంత్య్రం వచ్చిన మరుసటేడు ఉద్యోగంలో చేరిందట. చేతికిచ్చిన పుస్తకంలో నదులన్నీ ఇంగ్లండువి, కొండలన్నీ అమెరికావి. నది రాయిని ఎలా కోస్తుందన్న పాఠానికీ అమెరికా గండి బొమ్మే. "జెండా మారింది, పుస్తకం మారలేదు" అని విసుక్కుని, ఆ బొమ్మ మీద తెల్లకాగితం అంటించి, మన నవువా నది ఎగువన కొండల్లో ఉన్న గండిని తనే గీసింది. మా క్లాసుకీ ఆ బొమ్మతోనే పాఠం. "మీరు చూశారా టీచర్?" అని నేనే చెయ్యెత్తి అడిగాను. క్లాసులో పెద్దమ్మా అంటే ఊరుకునేది కాదు మరి. "లేదమ్మా. చూసినవాళ్ళు చెబితే గీశాను" అంది. మొహం చిన్నబోయింది. చూడనిదాన్ని పిల్లలకి చెబుతున్నానన్న ముల్లు ఆవిడకి చివరిదాకా గుచ్చుకుంటూనే ఉంది.

రిటైరయ్యాక కూడా మా అమ్మమ్మ మంచానపడి కొన్నేళ్ళు కదలనివ్వలేదు. అమ్మమ్మ పోయాక ఒకరోజు ఫోను చేసి, "ఒక్క రోజు చాలే, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం" అంది. ఆవిడ ప్లాను వేసిందంటే బా చక్కెర మిల్లు సైరన్ కూడా దాని ప్రకారమే మోగాలి! శుక్రవారం బస్సులో వాలేలేవులో మా ఇంటికి రావడం, శనివారం ఐదింటికి నా కారులో బయల్దేరడం, నవువా టౌనులో టీ, అక్కణ్ణించి కంకర రోడ్డున కొండల్లోకి, ఊరి పెద్ద అనుమతి, పడవ, గండి, చీకటి పడకముందే ఇల్లు. ప్రతి గంటకీ ఎదురుగా "వాన పడితే" అని ఇంకో వరస. వాన పడితే గొడుగు. ఎక్కువ పడితే రెండో గొడుగు. నది పొంగితే, నోరు మూసుకుని ఇంటికి.

అంత ప్లానులో నాకప్పజెప్పింది ఒక్కటే పని. యంగోనా కొనడం, అదే, దంచి నీళ్ళల్లో కలుపుకు తాగే ఆ వేరు. మీకు తెలిసిందే, ఇక్కడ ఒకరి ఊళ్ళోకి ఊరికే వెళ్ళకూడదు. యంగోనా వేళ్ళ కట్ట తీసుకెళ్ళి పెద్దమనిషి ముందు పెట్టి, మీ నేల మీదికి రావచ్చా అని అడగాలి. నేను శుక్రవారం డ్యూటీ దిగి, మార్కెట్టు మూసే వేళకి పరుగెత్తి, దంచిన పొడి తెచ్చాను. ఉన్నవాటిల్లో మేలురకమే తెచ్చాను. మన ఇళ్ళల్లో పెళ్ళికైనా చావుకైనా బేసిన్లో కలిపేది పొడేగా. దంచని వేళ్ళే కావాలని బుర్రకి తట్టలేదు.

మర్నాడు కొండల్లో ఊరి పెద్ద ఆ పొట్లాం చేతిలోకి తీసుకుని నవ్వాడు. "ఇది తాగడానికి టీచర్. అడగడానికి వేళ్ళు తేవాలి" అన్నాడు. నేను చచ్చినంత పనైంది. ఆయనే మళ్ళీ, "పర్లేదు, అంత దూరం నుంచి వచ్చారు, పడవ ఉంది, వెళ్ళండి" అన్నాడు. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకోసారి సరిగ్గా వచ్చి అడుగుతామంది. "ఆయనే వెళ్ళమంటుంటే నీకేంటి పెద్దమ్మా!" అని తెలుగులో గొణిగాను.

"మన ముత్తాతల్ని చెరుకుతోటల కూలికి ఓడెక్కించి తెచ్చిన దొరలు వీళ్ళని అడగలేదు, మనల్నీ అడగలేదు. మనమన్నా అడుగుదామే" అంది.

చాప మీద కూర్చుని ఆ పొడే కలిపించి రెండు కొబ్బరిచిప్పలు తాగింది. నది ఏ నెలలో ఎంత పొంగుతుందో ఆయన్ని అడిగి రాసుకుంది. గండి అక్కడికి ఒక్క మలుపు దూరం. నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరుగుదారిలో, నన్ను తిట్టు పెద్దమ్మా అన్నాను. "తిట్టేదేముందే, పొడి బావుంది" అంది. కానీ కొండలు కనబడేంతసేపూ వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తూనే కూర్చుంది. ఇప్పటికీ నాకు కారులో ఆ వెనక అద్దం చూడబుద్ధి కాదు.

తర్వాత రెండుసార్లు తేదీ పెట్టింది. ఒకసారి నాకు సెలవు దొరకలేదు. ఇంకోసారి మా అమ్మాయి పరీక్షలు. "సరేలే, నది ఎక్కడికి పోతుంది" అంది. ఈ ఏడు మూడోసారి పెట్టింది. ఆ తేదీ ఆవిడ పదమూడో రోజు ముగిశాక వచ్చిన శనివారం నాడు పడింది.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. వెళ్ళకుండా ఇంట్లో కూర్చోవడం చేతకాలేదంతే. ఈసారి వేళ్ళ కట్టే పట్టుకెళ్ళి చాప మీద పెట్టి, ఆవిడ నేర్పిన మాటలే అన్నాను. పెద్దాయన కట్ట ముట్టుకుని, చేతులు దొప్పచేసి చప్పట్లు కొట్టి పుచ్చుకున్నాడు. తర్వాత నా వెనక్కి చూసి, "టీచర్ ఏరి?" అన్నాడు.

చెప్పాను. షాపులో మందు ఎలా వేసుకోవాలో చెప్పినట్టే చెప్పాను. ఆయన లేచి, రా అని ఒడ్డుకి తీసుకెళ్ళాడు.

పొడుగాటి పడవ. దాని మధ్యలో బళ్ళోంచి తెచ్చిన చెక్కకుర్చీ ఒకటి, నాలుగు కాళ్ళూ తాడుతో బిగించి కట్టి ఉంది. నెల కిందట పెద్దమ్మే ఆయనకి ఫోను చేసిందట. మోకాళ్ళు వంగట్లేదు, బల్ల మీద కూర్చోలేను, కుర్చీ ఏమైనా దొరుకుతుందా అని అడిగిందట. ఆ మోకాళ్ళ సంగతి నాతో ఒక్క ముక్క అనలేదు. చెబితే మూడోసారి కూడా వాయిదా వేస్తానని! వేసేదాన్నే.

విప్పేయండి, ఇంకెందుకు అన్నాను. "ఆవిడ అడిగింది. నేను సరే అన్నాను" అన్నాడాయన. తాడు ముట్టుకోనివ్వలేదు.

నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆయన ముందు కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్య కుర్చీ. మలుపు తిరిగేసరికి రెండు పక్కలా రాతిగోడలు ఆకాశం దాకా లేచాయి. ఎలా ఉందని అడక్కండి, నేను గోడల్ని సరిగా చూడలేదు. చూడు పెద్దమ్మా అని మాత్రం పైకే అన్నాను. పడవవాడు ఇంజను తగ్గించాడు. పైనుంచి నీళ్ళు జల్లులా కుర్చీ మీద పడుతున్నాయి. పడ్డప్పుడల్లా పెద్దాయన వెనక్కి తిరిగి, తన భుజం మీది తువ్వాలుతో ఆ కుర్చీని పొడిగా తుడుస్తున్నాడు.