బావ రాసిన టెస్టులు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. లెక్క తప్పిందంటే ఎక్కడో మనిషి పొరపాటు ఉండి తీరుతుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. అయినా ఈ ఒక్కటి దొరకలేదు.

మాది బొబ్బిలి. కంప్యూటర్ పని సొంతంగా నేర్చుకున్నాను. ధాన్యం బస్తాల తూకం లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి మా అక్క భర్త, అంటే బావా, నేనూ కలిసి తయారుచేశాం. ప్రోగ్రాం నాది. అది తప్పు చేస్తే పట్టుకునే టెస్టులు బావవి. చాలాకాలం మిల్లులో కాటా దగ్గర పనిచేశాడు.

పోయిన ఏడాది బావ గుండెపోటుతో పోయాడు. అక్క మా ఇంట్లోనే ఉంటోంది.

టెస్టులు నడపడానికి వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ ఒకటి వాడతాం, దాన్ని లైబ్రరీ అంటారు; ఈ మధ్య దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చాను. బావ టెస్టుల్లో సగానికి పైగా తప్పి, తెర మీద ఎర్ర గీతలు పడ్డాయి. కారణం తెలిసిందే. పాత వెర్షన్‌లో ఒక టెస్టు వాడిన బస్తాల లెక్క తర్వాతి టెస్టుకూ మిగిలి ఉండేది. కొత్తది ప్రతిసారీ ఖాళీ కాటాతో మొదలుపెడుతుంది. అన్నీ తీసేసి నేనే రాసుకుంటే ఒక పూట పని. కానీ ఆయన కూర్చుని రాసినవంటూ ఇంట్లో మిగిలినవి అవే. తీసెయ్యలేక ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అక్క టీ తెచ్చింది. "తిండి మానేసి ఆ ఎర్ర గీతలేటి సూత్తన్నావురా? అవి కూడెడతాయేటి?" అంది.

అప్పటికి ఒక్క టెస్టే మిగిలింది. మొదటి బస్తా కాటా మీద పెడితే సంఖ్య ఒకటి రావాలి. నడిపాను. ఫలితాలు తెలుగులో కనిపించేలా బావ రాసుకున్నాడు. తెర మీద ఇలా పడింది: రావలసినది 1, వచ్చినది లాభం.

ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనరు. లాభం, రెండు, మూడు అని లెక్కపెడతారు. బావ ఎప్పుడూ అలాగే, పాడినట్టు లెక్కపెట్టేవాడు.

అక్క గ్లాసు బల్ల మీద పెట్టి చదివింది. "ఒరే, మీ బావే కొలుత్తన్నాడురా," అంది. "ఇంకోపాలి ఆడించరా తమ్ముడా."

ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడిపాను. ఈసారి 1 వచ్చింది, గీత పచ్చబడింది.

ఫోటో తీయాలని తోచలేదు. ప్రోగ్రాంలోనూ, టెస్టుల్లోనూ, లైబ్రరీలోనూ వెతికాను. ఆ మాట తెలుగులో గానీ ఇంగ్లీషు అక్షరాల్లో గానీ ఎక్కడా లేదు. పాత వెర్షన్ పెట్టి చూశాను, మళ్లీ కొత్తది పెట్టి చూశాను. 1 తప్ప మరేదీ రాలేదు. నేనొక్కడినే చూసి ఉంటే కళ్ల పొరపాటనుకుని వదిలేసేవాణ్ణి.

ఎలా వచ్చిందో నాకు నేటికీ తెలియదు. టీ తెచ్చినప్పుడల్లా అక్క నా కుర్చీ వెనక నిలబడుతుంది.

"ఏటిరా, తప్పినాదా?"

"లేదక్కా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ఇద్దరం కాసేపు ఆ పచ్చ గీతల కేసి చూస్తూ ఉండిపోతాం.