తాళం వేసిన షెడ్డులో ఆవిరి

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మనండి. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కలుపు తీసిన మనిషిని. చదివింది ఐదో తరగతే గానీ, చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు. ఇదీ అలాగే చెబుతున్నాను.

తొంభైల్లో సంగతి. మండపేట దగ్గర మా ఊళ్ళో మా ఆయన సూరిబాబు ఉప్పుడు బియ్యం మిల్లులో ఫిట్టరు. మిల్లు వెనక షెడ్డులో తెల్లదొరల కాలం నాటి పంపు ఒకటి పడి ఉండేది. మంటలార్పే పంపండి. నాలుగు ఇనప చక్రాలు, మీద నిలువు బాయిలరు, పొగగొట్టం. కింద మంట పెడితే నీళ్ళు కాగి, ఆ ఆవిరి బలానికే పంపు ఆడుతుంది. మిల్లు ఆసామిగారు దాన్ని పాత ఇనుముకి వేసేద్దామంటే మా ఆయన అడ్డుపడ్డాడు. రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ దానికే.

ఇత్తడి తోమడానికని నా వంటింట్లో చింతపండంతా మోసుకుపోయాడు. "ఏం వదినా, అన్నయ్య రెండో కాపురం ఎలా ఉంది?" అని మా ఆడపడుచు లక్ష్మి ఏడిపించేది. "నాకు పట్టుచీర లేదు గానీ దానికి మాత్రం రంగులూ మెరుగులూనూ" అనేదాన్ని.

వయసులో ఉండగా ఆ పంపు నడిపిన వీర్రాజు తాతగారు వచ్చి స్టూలు మీద కూచుని అన్నీ చెప్పేవారు. "ఒరే సూరిగా, నీళ్ళు చూసుకోకుండా నిప్పెట్టావంటే అది బాయిలరు కాదురా, బాంబు" అనేవారు. కొబ్బరిచిప్పలు వేస్తే మంట బాగా అందుకుంటుందనేవారు. మా ఆయన వినేవాడు కాదు, తుమ్మకట్టెలే వేసేవాడు. మొదటిసారి కాలవ గట్టు మీద వెలిగిస్తే ఆవిరి లేవడానికి అరగంట పట్టింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకి లేచాయి. తాతగారు కళ్ళు తుడుచుకున్నారు. ఆ కార్తీకంలోనే పోయారు పాపం.

తర్వాత వేసవి వచ్చింది. కాలవలు కట్టేశారు. కాలవలో నీళ్ళే లేనప్పుడు పంపుకి పనేముందని మా ఆయన బాయిలర్లో నీళ్ళు వదిలేసి, తుప్పు పట్టకుండా లోపలంతా ఆరబెట్టి, షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఇళ్ళు తగలబడేది కాలవలు ఎండిన రోజుల్లోనే కదా! ఆ ముక్క ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు, ఆసామిగారికీ తట్టలేదు.

లక్ష్మి పురిటికి మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల. తొమ్మిదో రోజు మధ్యాహ్నం బాలింతకి పథ్యం కలిపి పెడుతున్నాను. సందు మొదట్లో ఏదో ఇల్లు అంటుకుంది. మా సందంతా తాటాకిళ్ళే. మాది చిట్టచివర, వెనక రెండు నిలువుల ఎత్తు మిల్లు గోడ. చుట్టుపక్కల వాళ్ళు పనుల్లోకి పోయారు. పడమటి గాలి. నేను వాకిట్లోకి వచ్చేసరికే దారి మూసుకుపోయింది. మంట నాలుగిళ్ళ అవతల ఉంది.

ఉన్న బిందెడు నీళ్ళతో దుప్పటి తడిపి, ముగ్గురం కప్పుకుని గోడకి ఆనుకున్నాం. "వదినా, పిల్లని గోడవతలికి విసిరెయ్యి" అంది లక్ష్మి. అవతల పట్టుకునేదెవరు? నేను విసరలేదు. మంట రెండిళ్ళ దాకా వచ్చేసింది.

అప్పుడు గోడవతల ధన్ ధన్ ధన్ మని చప్పుడు. ఆ వెంటనే మా నెత్తి మీదుగా నీళ్ళు. నానిన వడ్ల వాసన కొట్టే నీళ్ళు. నాకు ఇప్పటికీ ఆ వాసనంటే ప్రాణం.

అవతల జరిగింది మా ఆయన చెప్పగా తెలిసింది. కేకలు వినగానే మిల్లు నీళ్ళ మోటార్ల దగ్గరకి పరిగెత్తాడట. కరెంటు తీసేశారు. ఇంక చేసేదేం లేక షెడ్డు మీద పడ్డాడు. బాయిలరు ఎండగట్టి ఉందనీ, నీళ్ళున్నా ఆవిరి లేవడానికి అరగంట పడుతుందనీ తెలుసు. తెలిసీ తాళం తీశాడు.

వేడి మొహానికి కొట్టిందట. నిప్పుగూట్లో ఎర్రటి నిప్పులు. బాయిలర్లో నీళ్ళెంతున్నాయో చూపే గాజుగొట్టంలో నీళ్ళు సగానికి ఉన్నాయి. ఆవిరి బలం చూపే ముల్లు పైకి లేచి ఉంది. ఆలోచించలేదు. పక్కనే వడ్లు నానబెట్టే తొట్టిలోకి గొట్టం వదిలి, మర తిప్పాడు.

ఒక్క ప్రాణం కూడా పోలేదు. మండపేట నుంచి ఫైరింజను వచ్చేసరికి బూడిద తడిసి చల్లారింది.

"నువ్వే వెలిగించి మర్చిపోయుంటావురా" అన్నారు ఆసామిగారు. "తాళంచెవి నా మొలకే ఉందండీ" అన్నాడు మా ఆయన. పొద్దుటి నుంచీ అటు ఎవరూ వెళ్ళలేదనీ, గొట్టంలోంచి పొగే రాలేదనీ గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లల మీద ఒట్టేశాడు. తుమ్మకట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. బూడిద తీస్తే కొబ్బరిచిప్పల బొగ్గు వచ్చింది. నా చేత్తో నేనే ఎత్తాను.

వీర్రాజు తాతగారే అంది ఊరు. నేను అవుననను. కాదనడానికీ నోరు రాదు.

ఆ తర్వాత మా ఆయన ఏ వేసవీ బాయిలరు ఎండగట్టలేదు. వాచీ పెట్టుకుని వెలిగించి చూశాడు. కట్టెలతో చూశాడు, చిప్పలతో చూశాడు, ఊక కలిపి చూశాడు. ఎలా జరిగిందో ఇప్పటికీ మాకు తెలీదండి. ఎన్నిసార్లు చూసినా అరగంటకి ఒక్క నిమిషం తగ్గలేదు. ఆ రోజు మా దగ్గర అరగంట లేదు.