సొరకు విడిచిన తొవ్వ

కాగజ్‌నగర్ దగ్గరి అడవి పల్లెలో పుట్టి, సముద్రంలో సొరచేపలకు రక్షిత ప్రాంతాలు గీసే ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో ఎవరైనా అడిగితే, వివరించే ఓపిక లేక, పెద్ద చేపలకు కావలి అంటాను.

నా మొదటి పటం మీద నాకు మహా ముచ్చట. సొరలు పిల్లలు పెట్టే మడ అడవుల చుట్టూ నాలుగు గీతలు, లోపల ఏడాది పొడవునా వల వేయకూడదు. కోస్తాలోని మత్స్యకారుల ఊళ్లో దాన్ని గోడకు అంటించగానే, ఎండుచేపలు అమ్మే ఒక పెద్దావిడ లేచింది.

"మీ ఊళ్లో సముద్రం ఉందా అమ్మా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. రెండో సమావేశంలోనూ ఊరు ఒప్పుకోకపోతే పథకం అటకెక్కినట్టేనని మా పై అధికారి తేల్చేశారు. అంటే వచ్చే ఏడు కూడా సొర పిల్లలు వలల పాలే.

ఆ కోపంతోనే ఇంటికి వచ్చాను. బీడీలకు తునికాకు తెంపే కాలం. నన్ను కన్న అవ్వ వెంట నేనూ బయలుదేరాను. వాగు ఒడ్డున లేతాకు చేతికందేలా ఉంది. ఆడవాళ్లెవరూ అటు చూడకుండా ఆకు కోసం గుట్ట ఎక్కుతున్నారు.

"గీడ గింత ఆకు పెట్టుకొని గుట్టెందుకవ్వా?"

"ఎండలు ముదిరినయ్. పులికి గీ వాగులనే నీళ్లు. వానలు పడేదాక గీ తొవ్వ దానిది. మేమే అనుకున్నం."

"ఫారెస్టోళ్లు చెప్పిన్రా?"

"ఆల్లు శానా చెప్తరు. ఆకు తెంపేది మేము, భయపడేది మేము. ఏడ ఇడిసిపెట్టాల్నో మాకెర్కలేదా?"

ఆ ఊరికి నేనూ ఫారెస్టోళ్లలాగే చెప్పానని సిగ్గేసింది. గుట్ట ఎక్కేసరికి, రెండో సమావేశంలో ఏం చేయాలో తట్టి, ఆ సిగ్గు సంతోషమైంది.

రెండో సమావేశానికి తీరం గీత ఒక్కటే ఉన్న తెల్ల కాగితం, నాలుగు పెన్సిళ్లు పట్టుకెళ్లాను. సొర ఎటు నుంచి వస్తుందో, ఎన్నాళ్లుంటుందో మీరే గీయండి అని కూర్చున్నాను. ముందుగా ఆ పెద్దావిడే పెన్సిల్ అందుకుంది.

"పాలు పడతాయని పిల్లసొరని బాలింతలకి అమ్ముకుంటాం. పిల్లలన్నీ పట్టేస్తే రేపు ఏం అమ్ముతాం?" అంటూ ఏరు సముద్రంలో కలిసే మొగ నుంచి మడల దాకా గీత లాగింది. మగవాళ్లు వాదించుకున్నారు, చెరిపారు, మళ్లీ గీశారు. సొరలు వచ్చే నెలల్లో ఆ దారిలో వల వేయకూడదన్నారు. నేను అడగడానికి భయపడినంత దూరం సముద్రంలోకి వాళ్లే గీశారు. మధ్యాహ్నానికి ఊరంతా సంతకాలు పెట్టింది. నేనక్కడే ఏడ్చేశాను, దాచుకోలేదు.

బయటికొచ్చి అవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, సొరకు తొవ్వ ఇడిసిన్రు."

"మంచిగైంది బిడ్డా. మరి ఆల్లకు గుట్ట ఏడున్నది?"

నా మొదటి పటంలో లేనిది అదే. చేతిలోని కాగితం చూసుకున్నాను. దక్షిణం వైపు, ఆ నెలల్లో వలలు వేసుకునే చోటు చుట్టూ పెద్దావిడ గట్టిగా సున్నా చుట్టి ఉంది.

"గది గూడ ఆల్లే గీసుకున్నరవ్వా."