ట్యాంకు ఖాళీ అయ్యేదాకా

ఈ వయసులో కోపం తగ్గించుకోమన్నారు డాక్టర్లు. తగ్గించుకున్నాను, ఒక్కడి మీద తప్ప. వాడు 1981 నాటి నేను. బయట ఎండ కాస్తుండగా ఇంట్లో వాన కురిపించిన ఘనుడు. ఆనాటి డైరీ తెరిస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్లో అప్పుడే ఇల్లు కొన్నాం. అంతకుముందు అపార్ట్‌మెంటు, కుళాయి కారితే ఫోన్ చేస్తే మనిషి వచ్చేవాడు. కొత్తింట్లో మేడమీద స్నానాలగదిలో చన్నీళ్ల కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. సరిగ్గా దాని కింద, భోజనాల బల్ల మీద, మా ఆవిడ విశాల ఆరు నెలలుగా చేత్తో రాసుకున్న నోట్సు పరుచుకుని చదువుతోంది. సోమవారం ఆమెకు డాక్టరు లైసెన్సు పరీక్ష. ఇది శనివారం.

"ఏమండీ, పరీక్ష అయ్యాక ప్లంబర్ని పిలుద్దాం."

"మెకానికల్ ఇంజనీరు ఇంట్లో ప్లంబరా?" అన్నాడు వాడు. వాడంటే నేనే, 'నేను' అనడానికి సిగ్గేస్తోంది.

రిపేర్ల పుస్తకంలో మొదటి మెట్టు: నీళ్లు కట్టేయండి. కుళాయి కట్టేసే ఉంది కదా! ఆ మెట్టుకు టిక్కు పెట్టి, రెంచితో కుళాయి తల విప్పేశాడు వెధవ.

గోడలోంచి నీళ్లు ఫైరింజను ధారలా వచ్చి ఎదుటి గోడకు కొట్టాయి. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినవాణ్ణి మీరు చూసే ఉంటారు. వాషరుతో పోయేదానికి వరద తెచ్చినవాణ్ణి నన్నే చూడండి.

కాఫీకి వచ్చిన మిత్రుడు సుబ్బారావు పైకి పరుగెత్తుకొచ్చాడు.

"కట్టెయ్యరా!"

"ఏం కట్టను? కుళాయి నా చేతిలో ఉంది!"

"మరెలా?"

"పైన ట్యాంకు ఉంటుంది. ఖాళీ అయితే అదే ఆగుతుంది."

బెజవాడలో మా డాబా మీద ట్యాంకు ఉండేది. కాబట్టి ప్రపంచంలో ప్రతి ఇంటి నెత్తినా ట్యాంకు ఉంటుందని ఆ మేధావి సిద్ధాంతం. సుబ్బారావు అటకెక్కాడు.

"ఇక్కడ గులాబీరంగు దూది తప్ప ఏం లేదురా!"

"దూది కింద వెతుకు!"

వెతికాడు. ఆ దూది చలి ఆపడానికి పరిచే గాజుపీచు, ఒళ్లంతా గోక్కుంటూ దిగాడు.

అమెరికా స్నానాలగది నేలకు తూము ఉండదు. కింద నుంచి కేక: "ఏమండీ! నోట్సు మీద వాన పడుతోంది!"

"అయిపోవచ్చింది విశాలా! ట్యాంకు అడుగుకొచ్చింది!"

"ఏ ట్యాంకండీ? గుండె జబ్బులన్నీ తడిసిపోయాయి, కిడ్నీలు మొదలయ్యాయి!"

ఆమె పక్కింటికి పరుగెత్తి, రూత్ అనే డెబ్బై ఏళ్లావిడను పట్టుకొచ్చింది. ఆవిడ నన్ను చూడనైనా చూడకుండా బేస్‌మెంటులోకి దిగి, గోడ దగ్గర, ఇంటికి నీళ్లొచ్చే గొట్టం మీది చక్రం తిప్పింది. ధార ఆగిపోయింది.

"సరిగ్గా ట్యాంకు ఖాళీ అయ్యే వేళకు వచ్చారు," అన్నాను, ఇంకా బుద్ధి రాక.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరకు లాక్కెళ్లింది. దూరంగా, ఇళ్ల కప్పుల మీదుగా, ఊరి నీళ్ల ట్యాంకు ఆకాశంలో నిలబడి ఉంది.

"నీ ట్యాంకు అదీ, హనీ. ఊరంతటికీ అదే. ఖాళీ అయ్యేదాకా కాచుకుంటావా?"

ఆదివారమంతా నేను ఒక్కో కాగితం ఇస్త్రీ చేశాను. చెదిరిన అక్షరాలన్నీ విశాల మళ్లీ రాసుకుంది. పాసైంది. "రెండోసారి రాయడం వల్లే గుర్తున్నాయి" అని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. వాణ్ణి మెచ్చుకుంటుంటే నాకు మరీ మంట!

అగ్నిసాక్షిగా పెళ్లాడినవాణ్ణి, జలసాక్షిగా డైరీలో ప్రమాణం రాశాను: ఈ జన్మలో రెంచి ముట్టను. వచ్చే జన్మలో ముట్టవలసి వస్తే, ముందు బేస్‌మెంటులో పుడతాను.