గ్లౌజులు విప్పే అక్క

మేం రొయ్యలు వొలిచే షెడ్డులో, అందరం పెద్దక్క అని పిలిచే ఆవిడ నోరు విప్పేముందు చేతి గ్లౌజులు విప్పేది. అవి విప్పిందంటే అందరం తలలెత్తేవాళ్లం.

అప్పుడు నాకు అయిదో నెల. సూపర్‌వైజరుగారు వచ్చి, "కడుపుతో నిలబడలేవు గానీ, రేపట్నుంచి మానెయ్యమ్మా" అన్నారు. ఆ పని పోతే మాకు ఇల్లు గడవదు.

అక్క గ్లౌజులు విప్పింది.

"ఆయ్, అలాగేనండి. కడుపుతో ఉందని మాన్పించేమని కాయితం రాసిచ్చేయండి. అలా మాన్పించకూడదని చట్టముందంటండి, లేబరాఫీసులో అడుగుతాం."

"నీ పనీ పోద్ది, చూస్కో!"

"అదీ రాసేయండి బాబూ, ఒకే కాయితం సరిపోద్ది."

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆయన మమ్మల్నీ, రొయ్యల మీద కరుగుతున్న ఐసునీ చూశారు. "సర్లే, కూర్చుని వొలుచుకోమను" అని వెళ్లిపోయారు.

అక్క మళ్లీ గ్లౌజులు వేసుకోబోతే వేళ్లు వణికి దూరలేదు. నేనే పట్టుకుని తొడిగాను.