సైప్రస్ తీపి వైన్ ఊళ్లో చెప్పులు విప్పి నిలబడ్డాను

నందిగామలో మా చర్చికి ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారానికి ద్రాక్షారసం కాచేది నా భార్య కరుణ. నల్లద్రాక్ష, పంచదార, రెండు లవంగాలు, పులవనిచ్చేది కాదు. సైప్రస్ దీవిలో ద్రాక్షను ఎండబెట్టి వైన్ చేస్తారని ఏదో వీడియోలో చూసి, ఒక్కసారి వెళ్లి చూసొద్దామండీ అని రెండేళ్లు నా ప్రాణం తీసింది. నేను పాఠాలు చెప్పే జగ్గయ్యపేట బళ్లో సెలవు దొరకదని నేను తప్పించుకున్నాను. పోయిన నవంబరులో జబ్బుచేసి కరుణ చనిపోయింది. అప్పటి నుంచి చర్చిలో చిన్న గ్లాసుల పళ్లెం నా ముందుకొస్తే పక్కవాళ్లకి జరిపేస్తున్నాను. కొట్లో కొన్న రసం నాకు గొంతు దిగదు. పాస్టరు గారు ఒకసారి అడిగారు, రెండోసారి అడగలేదు. చివరికి సెప్టెంబరులో సెలవు పెట్టి ఒక్కణ్ణే బయల్దేరాను.

హైదరాబాదు నుంచి గల్ఫ్‌లో విమానం మారి లార్నకా, అక్కణ్ణుంచి గంట బస్సులో లిమసోల్. కమాండరియా అనే తీపి వైన్ చేసే ఊళ్లు అక్కడికి ముప్పావు గంట దూరంలో, కొండల మీద ఉన్నాయి. ఉదయం ఎనిమిదింటికి టాక్సీ మాట్లాడుకున్నాను. రానూపోనూ, రెండు గంటలు ఆగడంతో కలిపి అరవై యూరోలు. డ్రైవరు ఆంద్రెయాస్‌ది ఇంచుమించు నా వయసే. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి కాబట్టి దారి కొత్తగా అనిపించలేదు. భార్యను తీసుకురాలేదేం అని ఇంగ్లీషులో అడిగాడు. రాలేదన్నాను. అంతకన్నా చెప్పబుద్ధి కాలేదు. అంత అందమైన కొండదారిలో, ఇదిగో చూడు అని చెప్పడానికి పక్కన మనిషి లేకపోతే ఫొటో తీయడానికి కూడా చెయ్యి రాదు.

ఊళ్లో మరియా అనే పెద్దావిడ పొలం దగ్గర ద్రాక్ష గుత్తులు నేల మీద పరిచి ఉన్నాయి. అచ్చం చందర్లపాడు కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టే. పదిరోజులు ఇలా ఎండనిస్తే నీరు పోయి తీపి మిగులుతుందని, మధ్యమధ్యలో తిరగేస్తుండాలని ఆవిడ గ్రీకులో చెబుతుంటే ఆంద్రెయాస్ ఇంగ్లీషులో చెప్పాడు. నేనూ వంగి ఒక వరస తిరగేశాను. మీదీ పొలం పనేనా అని ఆవిడ అడిగింది. మా నాన్న కూలికి వెళ్లేవాడని, సెలవుల్లో నేనూ వెళ్లేవాణ్ణని చెప్పాను.

తర్వాత ఇంటికి తీసుకెళ్లి, వేలెడంత గాజు గ్లాసులో వైన్ పోసి చేతికిచ్చింది. సరిగ్గా మా చర్చి గ్లాసంతే ఉంది. ఏం తోచిందో ఏమో, చెప్పులు పక్కన విప్పేసి, తల వంచి, కళ్లు మూసుకుని నిలబడిపోయాను. మా చర్చిలో అందరికీ గ్లాసులు అందాక పాస్టరు గారు చెబితేగానీ ఎవరూ తాగరు. నేనూ అలాగే ఎదురుచూశాను. ఎంతసేపటికీ ఎవరూ ఏమీ అనరే! కళ్లు తెరిస్తే ఆంద్రెయాస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, మరియా కదలకుండా నిలబడి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎవరి కోసం?" అని ఆంద్రెయాస్ చేత అడిగించింది మరియా.

"నా భార్య కోసం. పోయి పది నెలలైంది," అన్నాను. ఆ మాట నా నోటితో బయటివాళ్లతో అనడం అదే మొదలు.

మరియా తనకో గ్లాసు పోసుకుంది. బండి నడపాలి కాబట్టి ఆంద్రెయాస్ మంచినీళ్లు పోసుకున్నాడు. ఇక తాగుదామన్నట్టు ఆవిడ తలూపింది. ముగ్గురం ఒకేసారి తాగాం. చిక్కగా, ఎండుద్రాక్ష వాసనతో, చాలా బాగుంది. కానీ కరుణ కాచింది కాదు. అక్కడే ఏడ్చేశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: ద్రాక్ష ఎండబెట్టడం చూడాలంటే సెప్టెంబరు దాటనివ్వకండి, తర్వాత వెళ్తే కనబడేవి సీసాలే. నేను మాత్రం సీసా తేలేదు. పులిసింది మా చర్చిలో వాడరు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం నుంచే పాస్టరు గారికి ఫోన్ చేసి, ఈసారి ద్రాక్షారసం నేను కాస్తానన్నాను.

"మీకొచ్చా మాస్టారూ?" అన్నారు.

"రాదండి. అయినా కాస్తా."

పద్దెనిమిదేళ్లు కరుణ రసం కాచే గిన్నె పక్కనే కూర్చుని పేపరు చదివినవాణ్ణి, ఎంతసేపు కాయాలని ఒక్కరోజూ అడగలేదు. తర్వాతి నెల మొదటి ఆదివారం పళ్లెం నా దగ్గరికొచ్చినప్పుడు గ్లాసు తీసుకున్నాను. నేను కాచిన రసం పలచగా, మరీ తియ్యగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. కరుణ అయితే ఊరుకునేది కాదు.